వాల్వు మీద పడే నంబరు



చౌటుప్పల్ నుంచి మునుగోడు వైపు వెళ్తున్నా, దేవరకొండ నుంచి మర్రిగూడ వైపు వెళ్తున్నా రోడ్డు పక్కన మూతలు వేసిన చిన్న చిన్న సిమెంటు గదులు కనిపిస్తుంటాయి. మంచినీళ్ల పైపులైను మీద వాల్వులుండే గదులవి. మూత ఎత్తి చూస్తే అడుగున కాస్త బురద, ఆ బురదలో సగం కూరుకుపోయిన పోతఇనుప వాల్వు. దాని ఒంటి మీద కొన్ని అక్షరాలు పోతలోనే ఉబ్బెత్తుగా వచ్చి ఉంటాయి. కొన్ని అంకెలు మాత్రం తర్వాత కొట్టినవి. ఇవాళ నేను మాట్లాడేది ఆ కొట్టిన అంకెల గురించి, అవి పడేముందు ఆ వాల్వుకు జరగాల్సిన పరీక్ష గురించి.

మన నల్లగొండ, పాలమూరు నేల చదునైంది కాదు. బోడులు, గుట్టలు, మధ్యలో వాగులు. పైపులైను ఆ నేలతో పాటే ఎక్కుతుంది, దిగుతుంది. మిట్ట మీద పైపులో గాలి పేరుకుంటుంది కాబట్టి అక్కడ ఎయిర్ వాల్వు కావాలి. పల్లంలో మట్టీ ఒండ్రూ దిగుతాయి కాబట్టి అక్కడ కడిగి వదలడానికి స్కవర్ వాల్వు కావాలి. ఊరికి చీలే చోటల్లా మూసి తెరిచే స్లూయిస్ వాల్వు ఉండాలి. పది మీటర్ల ఎత్తున్న నీటి బరువు చదరపు సెంటీమీటరు మీద ఒక కిలో ఒత్తిడి పెడుతుంది. గుట్ట మీది ట్యాంకు నుంచి అరవై మీటర్ల కింద వాగులో ఉన్న వాల్వు, ఎవరూ పంపు కొట్టకపోయినా, రాత్రీ పగలూ ఆరు కిలోల ఒత్తిడిని మోస్తూనే ఉంటుంది.

హైదరాబాదుకు పోయే కృష్ణా నీళ్లు మన నల్లగొండ మీదుగానే పోతాయి. ఆ నీళ్లు వచ్చే నాగార్జునసాగర్ నిండు మట్టం 590 అడుగులు. హైదరాబాదు ఉన్నది సముద్ర మట్టానికి 1,700 అడుగుల పైన. కోదండాపూర్‌లో శుద్ధి చేసిన నీటిని నసర్లపల్లి, గోడకొండ్ల మీదుగా అంచెలంచెలుగా పైకి ఎత్తి గున్‌గల్ చేర్చి, అక్కడి నుంచి సాహెబ్‌నగర్‌కు పంపుతారు. కరెంటు పోయిందనుకోండి. పంపు ఆగుతుంది గానీ నీళ్లు ఆగవు. పైకి పోతున్న నీళ్లన్నీ వెనక్కి తిరుగుతాయి. వాటిని అడ్డుకునేది నాన్ రిటర్న్ వాల్వు. పారే నీటిని ఉన్నట్టుండి ఆపితే పైపులో పుట్టే దెబ్బ ఎంతో రష్యా శాస్త్రవేత్త జుకోవ్‌స్కీ 1890ల చివర్లో మాస్కో నీటి పైపుల మీద ప్రయోగాలు చేసి లెక్క కట్టాడు. ఉక్కు పైపులో సెకనుకు ఒక మీటరు వేగంతో పోతున్న నీళ్లు ఒక్కసారిగా ఆగితే ఉన్న ఒత్తిడికి తోడు దాదాపు పది కిలోలు అదనంగా పడుతుంది. ఆ దెబ్బ తగిలే క్షణంలో వాల్వు పోతలో ఎక్కడో దాగిన గాలిబుడగ బయటపడుతుంది. బయటపడాల్సిన చోటు అది కాదు. అది వాల్వు తయారైన షాపులో, ఒత్తిడి పరీక్ష చేసే టెస్ట్ బెంచ్ మీదే బయటపడి ఉండాలి.

ఈ జిల్లాలో వాల్వు కారడమంటే నీళ్లు వృథా కావడంతో ఆగిపోదు. నల్లగొండ ఫ్లోరోసిస్ గురించి డాక్టర్ సిద్దిఖీ వ్యాసం బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో 1955లోనే వచ్చింది. అప్పటి నుంచి ఎన్ని తరాల వీపులు వంగిపోయాయో మీకు నేను చెప్పనక్కర్లేదు. 2015 జూన్ 8న మిషన్ భగీరథ పైలాన్‌ను చౌటుప్పల్‌లోనే నిలబెట్టడానికి కారణం ఆ బాధే. లైను మధ్యలో వాల్వు సరిగ్గా మూసుకోకపోతే, దాని కాడ బయటికి వచ్చే గ్లాండ్ దగ్గర కారిపోతుంటే, చివరి ఊరికి ఒత్తిడి అందదు. రెండు రోజులు నల్లా రాకపోతే ఆ ఊరివాళ్లు ఏం చేస్తారు? మళ్లీ ఫ్లోరైడున్న బోరు దగ్గరికే పోతారు. ఏ నీళ్లను మాన్పించడానికి ఇంత దూరం పైపు వేశామో ఆ నీళ్లే బిందెలోకి వస్తాయి.

ఇప్పుడు షాపులోకి వెళ్దాం. నా ఉద్యోగమంతా వాల్వుల టెస్ట్ బెంచ్ దగ్గరే గడిచింది, కాబట్టి కాస్త వివరంగానే చెప్తాను.

మన దగ్గర యంత్రాల పని ఒకప్పుడు బాలానగర్, సనత్‌నగర్, జీడిమెట్లలోనే ఉండేది. ఇప్పుడది రోడ్ల వెంట ఇటు జరుగుతోంది. విజయవాడ హైవే మీద చౌటుప్పల్ దగ్గర దండుమల్కాపూర్‌లో చిన్న పరిశ్రమల పార్కును 2019 నవంబరు 1న ప్రారంభించారు. బెంగళూరు హైవే మీద కొత్తూరు, షాద్‌నగర్, జడ్చర్ల దాకా షెడ్లు వచ్చాయి. చిన్న షెడ్డులో వాల్వుల పని వేల లెక్కన నడవదు. ఒక ఆర్డర్లో 80 మిల్లీమీటర్లవి పన్నెండు, 150వి ఆరు, 300వి రెండు ఉంటాయి. మందుల ఫ్యాక్టరీకి స్టెయిన్‌లెస్ స్టీలు బాల్ వాల్వులు కావాలి, సిమెంటు ఫ్యాక్టరీకి ఇంకోటి కావాలి. దామరచర్ల దగ్గర యాదాద్రి థర్మల్ కేంద్రం లాంటి 4,000 మెగావాట్ల చోట వాడే ఆవిరి వాల్వులదైతే పూర్తిగా వేరే లోకం. పొద్దున ఒక సైజు, మధ్యాహ్నం ఇంకో సైజు. దీన్నే చిన్న సిరీస్ ఉత్పత్తి అంటారు. ఇందులో ఆటోమేషన్ గురించి మాట్లాడగానే షెడ్డు యజమాని అనే మొదటి మాట, "పెద్ద కంపెనీల సంగతి వేరు సార్, మనకేం గిట్టుబాటవుతుంది?" ఆ మాటలో నిజం సగమే ఉంది. ఎందుకో తెలియాలంటే ముందు పరీక్ష సంగతి చూడాలి.

అన్నం ఉడికిందో లేదో ఒక మెతుకు పట్టుకుంటే తెలుస్తుంది. వాల్వుల విషయంలో ఆ పద్ధతి చెల్లదు. ఒకే హీటులో, అంటే ఒకే కరుగులో, ఒకే అచ్చుల వరుసలో పోసిన పది బాడీల్లో తొమ్మిది గట్టిగా ఉండి పదోదానిలో ఇసుక గడ్డ ఇరుక్కుని ఉండొచ్చు. అందుకే ప్రతి వాల్వునూ పరీక్షించాలి. మంచినీటి స్లూయిస్ వాల్వులకు మన దేశంలో ఐఎస్ 14846 అనే ప్రమాణం ఉంది. 50 నుంచి 1,200 మిల్లీమీటర్ల సైజు దాకా దాని కిందికి వస్తాయి. 16 కిలోల తరగతి వాల్వయితే బాడీని ఒకటిన్నర రెట్లు, అంటే 24 కిలోల దాకా నీటి ఒత్తిడితో నింపి పట్టి ఉంచాలి. ఆ తర్వాత గేటు మూసి, అది ఆనే సీటు దగ్గర కారుతోందేమో చూడాలి.

పట్టి ఉంచడం అనే చోటే అసలు సంగతంతా ఉంది. వాల్వును బెంచ్ మీద బిగించి, లోపలి గాలంతా పైనుంచి పోయేదాకా నీళ్లు నింపి, పంపుతో ఒత్తిడి పెంచి, కాక్ మూసి, నిలబడి చూడాలి. గాలి మిగిలిపోతే గేజీ ముల్లు మెల్లగా వాలుతుంది, లీకుందేమోనని భ్రమ పడతాం. అనుభవమున్న మనిషి గేజీ ఒక్కదాన్నే నమ్మడు. పొడిగుడ్డతో బాడీ తుడిచి, టార్చిలైటు అడ్డంగా పట్టి చూస్తాడు. పోత గుల్లగా ఉన్నచోట ముందు రంగు మారినట్టు కనిపిస్తుంది, తర్వాత ఆవగింజంత తడి, ఆ తర్వాత చిన్న ముత్యమంత చుక్క. షాపులో దీన్ని "చెమర్చింది" అంటారు. అలా చెమర్చిన బాడీకి పుట్టీ పూసి రంగు వేసినవాళ్లను చూశాను. ఆ పుట్టీ మహా అయితే ఒక వేసవి నిలుస్తుంది.

ప్రపంచమంతా వాడే ఏపీఐ 598 అనే అమెరికన్ ప్రమాణంలో బాడీ పరీక్షకు ఎంతసేపు పట్టి ఉంచాలో సైజును బట్టి రాసి ఉంటుంది. రెండు అంగుళాల దాకా 15 సెకన్లు, రెండున్నర నుంచి ఆరు అంగుళాల దాకా ఒక నిమిషం, ఎనిమిది నుంచి పన్నెండు దాకా రెండు నిమిషాలు, ఆ పైన అయిదు నిమిషాలు. లోహం సీటున్న గేట్ వాల్వు ఎంత కారవచ్చో కూడా ఆ ప్రమాణమే చుక్కల లెక్కన చెప్తుంది. ఆరు అంగుళాల వాల్వుకు నిమిషానికి 12 చుక్కలు, పన్నెండు అంగుళాలదానికి 20. రబ్బరు సీటున్నదైతే ఒక్క చుక్క కూడా కారకూడదు. పదహారు చుక్కలు ఒక మిల్లీలీటరు అని కూడా అందులోనే ఉంది. అంటే ఆరు అంగుళాల వాల్వు నిమిషంలో ముప్పావు మిల్లీలీటరుకు మించి వదలకూడదన్నమాట. పగలంతా నిలబడి, సాయంత్రం అయిదున్నరకు లారీ గేటు దగ్గర హారన్ కొడుతుంటే, పన్నెండు చుక్కలనూ పద్నాలుగు చుక్కలనూ తప్పకుండా వేరు చేయగల మనిషి ఎవరు? అలసిన మనిషి మీద ఆ భారం పెట్టడమే అన్యాయం.

యంత్రం సాయం కావాల్సింది అక్కడే. గేజీ బదులు ఒక ప్రెజర్ ట్రాన్స్‌మిటర్, కారిన నీటిని కొలిచే చిన్న గొట్టం లేదా ఫ్లో మీటరు, వాటిని చదివి యంత్రాన్ని నడిపే చిన్న కంప్యూటరు, పీఎల్‌సీ. జాబ్ కార్డు మీద బార్‌కోడు చూపిస్తే ఆ సైజుకు ఎంత ఒత్తిడి, ఎంతసేపు అన్నది యంత్రమే ఎంచుకుంటుంది. పొద్దున 80 నడిచి మధ్యాహ్నం 300 ఎక్కినా సెట్టింగు మనిషి గుర్తుపెట్టుకోనక్కర్లేదు. చిన్న సిరీస్‌లో పొరపాట్లు ఎక్కువగా జరిగేది ఈ మార్పు దగ్గరే. గంటకు వంద వాల్వులు తిప్పే రోబో మనకు అక్కర్లేదు. సైజు మారినప్పుడు తప్పు జరగనివ్వని బుర్ర ఉంటే చాలు. ఆ బుర్ర ఖరీదు, పెద్ద లైను ఖరీదు ముందు ఎంత తక్కువో లెక్క వేసి చూసుకోమని షెడ్డు యజమానులకు చెప్తుంటాను.

అయితే యంత్రం పెట్టాం కదా అని నిశ్చింతగా ఉండడానికి లేదు. మన ఎండల సంగతి తీసుకోండి. మే నెలలో నల్లగొండ ఎండ నలభై అయిదు డిగ్రీలను తాకుతుంది. రేకుల షెడ్డు లోపల ఎలా ఉంటుందో తెలిసిందే. సంపులోని చల్లటి నీళ్లు వాల్వులో నింపి కాక్ మూశామనుకోండి. వేడెక్కిన ఇనుము ఆ నీళ్లను వెచ్చబెడుతుంది. మూసిన చోట నీళ్లకు వ్యాకోచించే వీల్లేదు కాబట్టి ఒక్క డిగ్రీ పెరిగినా ఒత్తిడి కిలోల లెక్కన ఎగబాకుతుంది. అదే సమయంలో ఎక్కడో సన్నగా కారుతుంటే పెరిగేదీ తగ్గేదీ కలిసిపోయి తెర మీద గీత తిన్నగా కనిపిస్తుంది. యంత్రం "పాస్" అంటుంది. దీనికి భిన్నంగా, ఓవర్‌హెడ్ ట్యాంకులో ఎండకు కాగిన నీళ్లు నీడలో ఉన్న వాల్వులో నింపితే చల్లబడి ఒత్తిడి పడిపోతుంది. మంచి వాల్వు "ఫెయిల్" అవుతుంది. అందుకే నీటి ఉష్ణోగ్రత కొలిచే సెన్సరు ఒకటి తప్పనిసరి. నింపాక కాసేపు కుదురుకోనివ్వాలి. జర్మనీ నుంచి తెచ్చిన బెంచి అయినా ఇక్కడి ఎండను అది నేర్చుకుని రాదు, మనమే నేర్పాలి. నీళ్లలోనూ జాగ్రత్త ఉంది. ఉప్పు ఎక్కువున్న బోరు నీళ్లు స్టెయిన్‌లెస్ స్టీలు వాల్వులో నింపి ఆరబెట్టకుండా వదిలేస్తే, అందులోని క్లోరైడు ఆ లోహాన్ని తినడం మొదలుపెడుతుంది. పరీక్షే జబ్బు తెచ్చిపెడుతుంది.

బిగించే బలం సంగతీ అంతే. హైడ్రాలిక్ క్లాంపు రెండు వైపుల నుంచీ ఫ్లాంజీలను గట్టిగా నొక్కితే ఆ నొక్కుడుకే సీటు మూసుకుపోయి, లీకు దాగిపోవచ్చు. పైపులైనులో ఆ నొక్కుడు ఉండదు కాబట్టి అక్కడ కారుతుంది. కాబట్టి క్లాంపు బలాన్ని కూడా సైజును బట్టి యంత్రమే తగ్గించి పట్టుకోవాలి, ఎంతతో పట్టుకుందో రాసిపెట్టాలి.

రాసిపెట్టడం దగ్గరికి వచ్చాం. నేను చెప్పదలుచుకున్న అసలు మాట ఇది. పరీక్షనూ గుర్తునూ ఒకే పనిగా చూడాలి. వాల్వు పాసైతేనే నంబరు కొట్టే పంచ్ కదలాలి. కాకపోతే కదలకూడదు. చాలా షాపుల్లో ఇవి రెండూ వేర్వేరు మూలల్లో, వేర్వేరు రోజుల్లో జరుగుతాయి. ఒకచోట పొద్దున్నే టెస్ట్ సర్టిఫికెట్లు ప్రింటై, సంతకాలై, ఫైల్లో చేరి ఉండటం చూశాను. ఆ నంబర్ల వాల్వులు ఇంకా గ్రైండింగు దగ్గరే ఉన్నాయి. కాగితం మీద పేర్కొన్న సమయానికి అవి నీటి ముఖమే చూడలేదు.

చేయమని చెప్పడం వేరు, జరిగిందని చూడటం వేరు. ఈ తేడా ఎంతటి ప్రమాదం తెస్తుందో 1979 మార్చి 28న అమెరికాలోని త్రీ మైల్ ఐలాండ్ అణు విద్యుత్ కేంద్రంలో తేలింది. అక్కడ ఒత్తిడి వదిలే వాల్వు ఒకటి తెరుచుకుని మళ్లీ మూసుకోలేదు. కంట్రోల్ రూంలోని దీపం మాత్రం మూసుకోమని ఆదేశం వెళ్లిన సంగతే చూపించింది. వాల్వు నిజంగా మూసుకుందా అన్నది చూపించే ఏర్పాటు దానికి లేదు. దీపాన్ని నమ్మిన ఆపరేటర్లు రెండు గంటలకు పైగా రియాక్టరు నీళ్లు బయటికి పోతున్నాయని గ్రహించలేదు. సర్టిఫికెట్ మీది సంతకం కూడా అలాంటి దీపమే కావొచ్చు. అందుకే యంత్రం నమోదు చేసిన ఒత్తిడి గీత కావాలి, దాని మీద తేదీ, గంట, నిమిషం కావాలి, అదే నంబరు వాల్వు ఒంటి మీద ఉండాలి.

గుర్తు ఎలా వేయాలన్న దానికీ ఒక తీరుంది. తయారీదారు పేరు, సైజు, ఒత్తిడి తరగతి, నీటి దిక్కు చూపే బాణం పోతలోనే రావాలి. హీట్ నంబరు ఉంటే ఆ లోహం ఏ రోజు, ఏ కరుగులోంచి వచ్చిందో తెలుస్తుంది. సీరియల్ నంబరు పరీక్ష తర్వాత పడాలి. సుత్తీ పంచుల సెట్టుతో కొట్టే కాలంలో 6కీ 9కీ తేడా మనిషి చేతి ఒడుపు మీద ఉండేది, 3 సగమే పడేది. ఇప్పుడు డాట్ పీన్ యంత్రం వచ్చింది. గట్టి సూది లోహాన్ని చుక్కచుక్కగా పొడుస్తూ అంకె రాస్తుంది. ఖరీదు మరీ ఎక్కువ కాదు, పోతఇనుము గరుకు మీద కూడా పడుతుంది. స్టెయిన్‌లెస్ స్టీలు ప్లేటు మీదైతే లేజరు చక్కగా ఉంటుంది. ఫ్లాంజి ముఖం మీద మాత్రం ఎప్పుడూ కొట్టకూడదు, గాస్కెట్ కూర్చునే చోటు అది. పైగా రంగు వేసేవాళ్లు మూడు కోట్లు వేశారంటే ఆ పొడుపులన్నీ పూడిపోతాయి. కాబట్టి నంబరు పడిన చోట టేపు వేసి రంగు కొట్టాలి. చిన్న విషయంలా ఉంది గానీ, పదేళ్ల తర్వాత గదిలోకి దిగిన మనిషికి ఆ టేపు వేసిన షాపు విలువ తెలుస్తుంది.

క్యూఆర్ కోడు వేయండి, మంచిదే. అయితే దానితో పాటు మామూలు అంకెలు కూడా పెద్దగా ఉండాలి. బురదలో, ఫోను సిగ్నలు లేని వాల్వు గదిలో, గుడ్డతో తుడిచి వేలితో తడిమితే చదవగలిగే అంకెలు ఉండాలి. గీతలు పడిన కోడును ఏ ఫోనూ చదవలేదు. కాస్త అరిగిన అంకెను మనిషి మాత్రం పోల్చుకోగలడు.

ఉద్యోగాల మాట అడుగుతారు. దేశంలో ఎన్నో కాలువలకూ కట్టలకూ చెమటోడ్చిన పాలమూరు మనుషుల పిల్లలు ఇప్పుడు ఐటీఐ, పాలిటెక్నిక్ చదివి ఈ షెడ్లలో చేరుతున్నారు. చుక్కలు లెక్కపెట్టే పని పోతే వాళ్ల పని పోతుందా? నేను చూసినంతలో పోలేదు. బెంచి దగ్గర కావాల్సింది గీతను చదివే కన్ను. ఒత్తిడి మొదటి పది సెకన్లలో వాలి నిలబడిందా, అంటే గాలి ఉంది. ఆగకుండా వాలుతోందా, అంటే లీకుంది. మెల్లగా పైకి పోతోందా, అంటే నీళ్లు వేడెక్కుతున్నాయి. ఇది చదవగలిగిన అమ్మాయికి బెంచి అప్పజెప్పిన షాపులో, పోతలు పంపే ఫౌండ్రీతో మాటల తీరే మారిపోయింది. "మీ మాల్ బాగాలేదు" అని అరవడం మానేసి, ఈ హీట్ నంబరు బాడీల్లో నాలుగింటికి పై టోపీ లాంటి బానెట్ మెడ దగ్గరే చెమర్చింది అని చూపించారు. ఫౌండ్రీవాళ్లు అచ్చులో అక్కడ లోహం చేరే దారి మార్చారు. ఒక్క నంబరు పట్టుకుని వెనక్కి నడవగలిగారు కాబట్టే అది సాధ్యమైంది.

షెడ్డు యజమానులకు నా సలహా, ఒకేసారి లక్షలు పోయకండి. ముందు ట్రాన్స్‌మిటరు, రికార్డరు పెట్టండి. దాన్ని ఏటా గుర్తింపున్న ల్యాబులో సరిచూపించండి, తప్పు చూపే గేజీ కంటే గేజీ లేకపోవడమే నయం. ఆ పైన పంచ్‌ను పాస్‌కు ముడివేయండి. క్లాంపులూ రోలర్లూ ఆర్డర్లు పెరిగాక చూసుకోవచ్చు. నీటి పరీక్ష మానేసి కంప్రెసర్ గాలితో బాడీని ఎక్కువ ఒత్తిడికి పరీక్షించే దురలవాటు కొన్నిచోట్ల ఉంది, పని తొందరగా అవుతుందని. నొక్కి ఉన్న గాలితో బాడీ పగిలిందంటే ఇనుప ముక్కలు తూటాల్లా వస్తాయి. దయచేసి ఆ పని చేయకండి. నీటి పరీక్షకు కూడా జాలీ తలుపు ఉండాలి, తలుపు పడితేనే పంపు నడవాలి.

ఇక కొనేవాళ్లకు, ముఖ్యంగా పంచాయతీ సర్పంచులకూ, ఊళ్లో నీళ్లు వదిలే మనుషులకూ ఒక మాట. లారీ దిగిన వాల్వుల్లో మీకు నచ్చిన ఒక దాన్ని పట్టుకోండి. దాని ఒంటి మీది నంబరు చదవండి. ఆ నంబరు పరీక్ష గీత చూపించమని అడగండి. ఇరవై వాల్వులకూ ఒకే గీత, ఒకే నిమిషం వేసి ఉంటే తీసుకోకండి. నిజంగా పరీక్షించిన రెండు వాల్వుల గీతలు అచ్చుగుద్దినట్టు ఒకేలా రావు. గదిలో వాల్వు దించేరోజు ఆ నంబరు, తేదీ, గది ఎక్కడుందో ఒక రిజిస్టర్లో రాసుకోండి. బాణం నీళ్లు పోయే వైపే ఉందో లేదో చూడండి, తిరగేసి బిగించిన నాన్ రిటర్న్ వాల్వులు ఎన్నో చూశాను. ఆ రిజిస్టరు కాంట్రాక్టరు దగ్గర కాదు, పంచాయతీ ఆఫీసు బీరువాలో ఉండాలి.